జాతర చందా, జమాఖర్చుల పద్దు

(సయ్యద్ అబ్దుల్ రహీం స్మృతిలో, మెల్‌బోర్న్ తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



1956 డిసెంబరు 1న ఈ ఊళ్లోనే, ఒలింపిక్ పార్క్ మైదానంలో, భారత ఫుట్‌బాల్ జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ సాధించడం అదే మొదటిసారి. మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ అంత ఎత్తుకు వెళ్లలేదు. ఆ జట్టును తయారుచేసిన మనిషి హైదరాబాదులో బడిపంతులు. జట్టులో బలరామ్, నూర్ మహ్మద్, అజీజుద్దీన్ వంటి హైదరాబాద్ కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ ఆయన రహీం సాబ్.

రహీం గారి చేతిలో ఏనాడూ పెద్ద స్టేడియం లేదు, పెద్ద నిధులూ లేవు. ఆయనకు ఉన్నవి హైదరాబాద్ మైదానాలు, సాయంత్రం బడి వదిలాక వచ్చే పిల్లలు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమం పెట్టి ప్రత్యేకంగా టోర్నమెంట్లు నడిపాడు. బంతిని తన దగ్గరే ఉంచుకోవాలన్న ఆశ మాని పక్కవాడికి అందించడం నేర్పాడు. అలా తయారైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం ఆయన శిక్షణలో వచ్చినవే. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశాడు. ఆయన పోయాక ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మన దేశానికి మళ్లీ రాలేదు.

ఆయన స్మృతిలో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు నేను ఎంచుకున్న విషయం, అంతర్జాతీయ క్రీడలకు ఆతిథ్యం ఇవ్వడానికి ప్రజల డబ్బు అంతంత పెట్టడం తగునా అన్నది. ఈ ప్రశ్నను విక్టోరియాలో ఉన్న మనకంటే దగ్గరగా చూసినవాళ్లు ప్రపంచంలో తక్కువమంది. నిర్వహిస్తామని మాటిచ్చి, ఒప్పందం మీద సంతకం పెట్టి, పదిహేను నెలలకే మా వల్ల కాదని చేతులెత్తేసిన ప్రభుత్వం మనది.

జరిగినది వరసగా చెప్పుకుందాం. 2026 కామన్వెల్త్ క్రీడలకు చాలాకాలం ఆతిథ్య నగరం దొరకలేదు. 2022 క్రీడలకూ అదే కథ. డర్బన్‌కు ఇచ్చారు, డబ్బు దగ్గర మాట నిలబడకపోవడంతో 2017లో వెనక్కు తీసుకున్నారు, చివరికి బర్మింగ్‌హామ్ ఆదుకుంది. అడిగేవాళ్లు లేని స్థితిలో 2022 ఏప్రిల్‌లో విక్టోరియా ముందుకొచ్చింది. అది రాష్ట్ర ఎన్నికల సంవత్సరం. ఆటలన్నీ మెల్‌బోర్న్‌లో కాకుండా జీలాంగ్, బల్లరట్, బెండిగో, గిప్స్‌ల్యాండ్‌లలో జరుగుతాయని, తర్వాత షెప్పర్టన్ కూడా చేరుతుందని చెప్పారు. ఆలోచన మంచిదే. రాజధానికి దూరంగా ఉన్న ఊళ్లకు ఇళ్లు, ఈతకొలనులు, స్టేడియాలు వస్తాయని ఎవరు కాదంటారు? బడ్జెట్‌లో 260 కోట్ల డాలర్లు చూపించారు.

కానీ మెల్‌బోర్న్‌లో ఎంసీజీ ఉంది, ఈతకొలను ఉంది, ఇండోర్ స్టేడియాలు ఉన్నాయి, హోటళ్లు ఉన్నాయి. 2006లో ఇవే కామన్వెల్త్ క్రీడలు వాటిలోనే జరిగాయి. ఉన్నవాటిని పక్కన పెట్టి లేనిచోట అన్నీ కట్టాలంటే ఒక క్రీడాగ్రామం చోట నాలుగైదు కావాలి. ఒక పోలీసు బందోబస్తు చోట నాలుగైదు కావాలి. ఊరికీ ఊరికీ మధ్య ఆటగాళ్లను తిప్పే బస్సులు, తాత్కాలిక గ్యాలరీలు, కరెంటు, నీళ్లు, మరుగుదొడ్లు అన్నీ కావాలి. ఈ పనులన్నిటికీ చేతిలో ఉన్నది నాలుగేళ్లే. కోవిడ్ తర్వాత సిమెంటు, ఇనుము, కూలి రేట్లు పెరిగిన రోజులవి. ఈ లెక్క వేయడానికి ఇంజనీరు కానక్కరలేదు. తీరికగా కూర్చుని వేసేవాళ్లు కావాలి, వేసినది పైవాళ్లకు నిర్భయంగా చెప్పేవాళ్లు కావాలి.

2023 జులై 18న ముఖ్యమంత్రి డేనియల్ ఆండ్రూస్ క్రీడలు రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. ఖర్చు 600 నుంచి 700 కోట్ల డాలర్ల దాకా పోతుందని, ఆసుపత్రుల నుంచి, బడుల నుంచి తీసి పన్నెండు రోజుల ఆటలకు పెట్టనని అన్నారు. తప్పుకున్నందుకు క్రీడల సంస్థలకు 38 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించడానికి ఒప్పుకున్నారు. 2024 మార్చిలో రాష్ట్ర ఆడిటర్ జనరల్ నివేదిక వచ్చింది. పరిహారంతో కలిపి విక్టోరియాకు ఈ వ్యవహారంలో పోయినది 58.9 కోట్ల డాలర్లకు పైగా, దానివల్ల కనిపించే ప్రయోజనం ఏమీ లేదని తేల్చింది. మన రూపాయల్లో మూడువేల కోట్లకు పైమాటే. రాష్ట్రంలో మనిషికి తలా ఎనభై డాలర్లకు పైగా పడుతుంది, చంటిబిడ్డతో సహా. ఒక్క పరుగు పందెం జరగలేదు, ఒక్క ఈలా మోగలేదు.

ఆ నివేదికలో నాకు ముఖ్యమనిపించినది డబ్బు లెక్క కాదు. మొదటి అంచనా పనికిరానిదని చెప్పింది, సరే. రద్దు చేశాక చూపించిన 690 కోట్ల అంకె కూడా ఎక్కువ చేసి చూపినదే, పారదర్శకంగా లేదు అని చెప్పింది. శాఖలు కలిసి పనిచేయలేదని, ప్రభుత్వానికి నిర్మొహమాటంగా, పూర్తిగా సలహా ఇవ్వలేదని చెప్పింది. అంటే దిగేటప్పుడు తక్కువ, తప్పుకునేటప్పుడు ఎక్కువ. రెండు సమయాల్లోనూ ప్రజల ముందు నిజమైన అంకె లేదు. ఇంత చదువుకున్న, ఇన్ని వ్యవస్థలున్న రాష్ట్రంలో ఇలా జరిగిందన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

రద్దు చేయడం తప్పా? నా దృష్టిలో కాదు. సంతకం పెట్టడం తప్పు. తప్పు తెలిసిన తర్వాత ఇంకా మూడేళ్లు డబ్బు పోస్తూ పోవడం అంతకంటే పెద్ద తప్పయ్యేది. ఆటలు పోయినా ప్రాంతీయ ఊళ్ల కోసం 200 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఉంచారు, అందులో 1,300 ఇళ్లకు పైగా కట్టించే నిధి ఉంది. ఇక్కడ ఒక మాట ఆలోచించాలి. ఆ ఇళ్లు నిజంగా కావలసినవే అయితే, వాటిని కట్టడానికి కామన్వెల్త్ క్రీడలు ఎందుకు అడ్డం పెట్టుకోవలసి వచ్చింది?

మన ఊళ్లలో అమ్మవారి జాతరకు చందాలు వసూలు చేస్తారు. ఏ ఊళ్లోనూ, ఏ పెద్దమనిషీ ఈ జాతరతో ఊరికి లాభం వస్తుందని, పెట్టిన ప్రతి రూపాయికీ మూడు రూపాయలు తిరిగొస్తాయని చెప్పి చందా అడగడు. జాతర కావాలి, ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు, ఊరంతా ఒకచోట చేరుతుంది, అందుకు ఖర్చవుతుంది. అంతే. జాతర అయిపోయాక రామాలయం అరుగు మీద కూర్చుని జమాఖర్చులు చదువుతారు. మిగిలితే ఇంత అని, తగ్గితే ఇంత అని అందరి ముందూ చెప్తారు. చదవకపోతే మరుసటి ఏడు చందా పుట్టదు. పెద్ద క్రీడల విషయంలో నేను అడిగేది ఇంతకంటే ఎక్కువేమీ కాదు. పండుగను పండుగ అని చెప్పి ఖర్చు అడగండి. పెట్టుబడి అని చెప్పకండి. అయిపోయాక పద్దు చదవండి.

పెట్టుబడి అని ఎందుకు చెప్పకూడదో వివరిస్తాను. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1960 నుంచి జరిగిన ఒలింపిక్స్ లెక్కలు తీశారు. అంచనాలో ఉండిపోయిన క్రీడలు వాళ్లకు ఒక్కటీ దొరకలేదు. ధరల పెరుగుదల తీసేసి చూసినా, 2020 నాటి వాళ్ల లెక్కలో సగటు పెరుగుదల 172 శాతం. ఆనకట్టలు, సొరంగాలు, రైలు మార్గాలు కూడా అంచనాలు దాటుతాయి గానీ ఇంతగా దాటవు. దీనికి కారణం ఎవరో దొంగలు కావడమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. అసలు కారణం ఒప్పందంలోనే ఉంది. ప్రారంభోత్సవం తేదీ ఏళ్ల ముందే ఖాయమవుతుంది, దాన్ని మామూలుగా మార్చలేరు. కాంట్రాక్టరు చెప్పిన ధర ఎక్కువనిపిస్తే ఆగి బేరమాడే వ్యవధి ఉండదు. ఏ స్టేడియంలో ఎన్ని సీట్లు, ఏ హోటల్లో ఎన్ని గదులు అన్నది క్రీడల సంస్థ నిర్ణయిస్తుంది, ఖర్చు ఆతిథ్య నగరం భరిస్తుంది. ప్రసార హక్కుల మీద అధికారం సంస్థదే. ఖర్చు పెరిగితే పూచీ మాత్రం స్థానిక ప్రభుత్వానిది. మాంట్రియల్‌లో 1976 ఒలింపిక్స్ స్టేడియం అప్పు తీరడానికి 2006 వరకూ పట్టింది.

పర్యాటకుల డబ్బు వస్తుంది కదా అంటారు. వచ్చేవాళ్లు వస్తారు, ఆ రోజుల్లో రావలసిన మామూలు పర్యాటకులు రద్దీకి, ధరలకు భయపడి మానుకుంటారు. 2012 ఆగస్టులో, లండన్ ఒలింపిక్స్ నడుస్తున్న నెలలో, బ్రిటన్‌కు వచ్చిన విదేశీ సందర్శకులు ముందటేడు ఆగస్టుకంటే తగ్గారు. స్టేడియం కట్టడానికి వెళ్లిన మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు అంతకుముందు ఖాళీగా కూర్చున్నవాళ్లేమీ కాదు. అదే సమయంలో ఆసుపత్రో, ఇళ్లో కట్టవలసినవాళ్లు. ఈ సంగతి తెలుసు కాబట్టే ఓటు అడిగిన చాలాచోట్ల జనం వద్దన్నారు. హాంబర్గ్ 2015లో వద్దంది, కాల్గరీ 2018లో వద్దంది. ఆస్ట్రేలియాలో మాత్రం ఈ విషయం మీద మనల్ని ఎవరూ ఓటు అడగలేదు.

ఇక సిడ్నీ. సిడ్నీని తక్కువ చేసి మాట్లాడితే అన్యాయం అవుతుంది. 1993లో బీజింగ్ మీద 45–43 ఓట్లతో గెలిచి తెచ్చుకున్న క్రీడలు అవి. 47 వేలమంది వాలంటీర్లు పనిచేశారు. హోమ్‌బుష్ బే ఒకప్పుడు కబేళా, ఇటుకల గుంటలు, విషపు చెత్త పారబోసిన నేల. దాన్ని శుభ్రం చేసి ఉద్యానవనాలు వేశారు. ఆటగాళ్లు ఉన్న గ్రామం ఈనాడు న్యూవింగ్టన్ అనే శివారు. ఈరోజు హోమ్‌బుష్, వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్‌లలో కాపురముంటున్న మన తెలుగు కుటుంబాలు ఆదివారం పిల్లల్ని సైకిళ్లు తొక్కించడానికి తీసుకెళ్లే పార్కులు అవే.

సిడ్నీ మనకు ఇంకో రకంగానూ సొంతం. 2000 సెప్టెంబరు 19న డార్లింగ్ హార్బర్‌లోని సమావేశ మందిరంలో కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్ లిఫ్టింగ్ పెట్టడం అదే మొదలు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేట అమ్మాయి. ఆమె కోసం సిడ్నీ ప్రత్యేకంగా ఏ కోట్ల డాలర్ల స్టేడియమూ కట్టలేదు. ఆ మందిరం 1988 నుంచీ ఉన్నదే, ఒక వేదిక వేస్తే సరిపోయింది. ఆ కట్టడాన్ని తర్వాత కూల్చి కొత్తది కట్టారు. పతకం ఊసవానిపేటలో మొదలైంది, స్థానిక వ్యాయామశాలలో ఇనుము ఎత్తిన ఏళ్లలో తయారైంది.

సిడ్నీ ఖర్చు ఎంత? న్యూ సౌత్ వేల్స్ ఆడిటర్ జనరల్ లెక్క ప్రకారం మొత్తం దాదాపు 660 కోట్ల డాలర్లు, అందులో ప్రజల మీద నికరంగా పడినది 170 నుంచి 240 కోట్లు. ఏడేళ్ల తర్వాత జేమ్స్ గీసెక్, జాన్ మాడెన్ అనే ఆర్థికవేత్తలు వెనక్కు తిరిగి లెక్క చూశారు. ఆస్ట్రేలియా ప్రజల మొత్తం వినియోగం నికరంగా 210 కోట్ల డాలర్లు తగ్గిందని తేల్చారు. ముందు చెప్పిన పర్యాటక లాభం వాళ్లకు కనిపించలేదు. లక్షా పదివేలమంది పట్టేట్టు కట్టిన ప్రధాన స్టేడియాన్ని ఆటల తర్వాత ఎనభై మూడు వేల చిల్లరకు తగ్గించారు. ప్రైవేటు యాజమాన్యం చేతుల్లోంచి 2016లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కుంది.

ఇంత చెప్పాక కూడా, సిడ్నీ క్రీడలు జరిగి ఉండకూడదని నేను అనలేను. క్యాథీ ఫ్రీమన్ 400 మీటర్లు గెలిచిన సెప్టెంబరు 25 రాత్రి ఆ స్టేడియంలో లక్షా పన్నెండు వేలమంది నిలబడ్డారు. ఆదివాసీ యువతి తన జాతి జెండాను, దేశం జెండాను కలిపి పట్టుకుని పరుగెత్తిన ఆ రోజు ఈ దేశానికి కావలసినది. దానికి వెల కట్టలేం. కట్టలేమన్న మాట నిజమే గనక, దానికి లేని లాభాలు కట్టి చూపించకూడదంటాను. హోమ్‌బుష్ శుభ్రం చేయడం గురించి కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. ఒలింపిక్స్ లేకపోయినా ఆ పని చేయవచ్చు. చేసేవాళ్లా అంటే, అంత త్వరగా చేసేవాళ్లు కాదు. గడువు పనిని కదిలిస్తుంది. ఆతిథ్యం వైపు మాట్లాడేవాళ్ల దగ్గరున్న బలమైన వాదన ఇదే, దీన్ని నేను కొట్టిపారేయను.

బ్రిస్బేన్ సంగతి ఇప్పుడు మన కళ్ల ముందే నడుస్తోంది. 2021 జులై 21న టోక్యోలో 2032 ఒలింపిక్స్ బ్రిస్బేన్‌కు ఇచ్చారు. పోటీకి ఇంకో నగరం లేదు. ఒలింపిక్ సంఘం తన పద్ధతులు మార్చుకుందని, కొత్తవి కట్టకుండా ఉన్నవే వాడుకోమంటోందని అప్పుడు చెప్పారు. వేదికల్లో 84 శాతం ఇప్పటికే ఉన్నవో, తాత్కాలికమైనవో అన్నారు. ప్రజల మీద భారం పడదన్నారు. నేను ఆ మాటల్ని నమ్మాలని నిజంగా కోరుకున్నాను.

తర్వాత ఒక్క ప్రధాన స్టేడియం చుట్టూ ఏం జరిగిందో చూడండి. మొదట గబ్బాను పునర్నిర్మిస్తామన్నారు, ఖర్చు 100 కోట్ల డాలర్లన్నారు. 2023 ఫిబ్రవరికి అది 270 కోట్లయింది. పక్కనే ఉన్న ఈస్ట్ బ్రిస్బేన్ ప్రభుత్వ పాఠశాలను తరలించాల్సి వస్తుందని తేలింది, తల్లిదండ్రులు వీధిలోకి వచ్చారు. మాజీ మేయర్ గ్రాహం క్వర్క్ నాయకత్వంలో సమీక్ష వేశారు. గబ్బా వద్దు, విక్టోరియా పార్కులో 340 కోట్లతో కొత్త స్టేడియం కట్టమని 2024 మార్చిలో ఆయన చెప్పాడు. అప్పటి ముఖ్యమంత్రి స్టీవెన్ మైల్స్ అదీ కాదని, నేథన్‌లోని పాత అథ్లెటిక్స్ మైదానాన్ని 160 కోట్లతో బాగుచేస్తామన్నారు. అక్టోబరులో ఎన్నికలొచ్చాయి. కొత్త స్టేడియం కట్టబోమని చెప్పిన డేవిడ్ క్రిసఫుల్లి గెలిచారు. 2025 మార్చి 25న ఆయనే, విక్టోరియా పార్కులో 63 వేల సీట్లతో 380 కోట్ల డాలర్ల కొత్త స్టేడియం కడతామని ప్రకటించారు. ఆటల తర్వాత గబ్బాను కూల్చేస్తారట. 2021 జనవరిలో, తండ్రి పోయిన దుఃఖం ఆరకముందే మన హైదరాబాద్ కుర్రాడు సిరాజ్ ఐదు వికెట్లు తీసిన గబ్బా అది.

విక్టోరియా పార్కు ఖాళీ స్థలం కాదు. 60 హెక్టార్లకు పైగా ఉన్న, వారసత్వ జాబితాలో చేరిన పచ్చని నేల. ఆదివాసులు దాన్ని బరంబిన్ అంటారు. నగరం పుట్టకముందు నుంచీ వాళ్లు విడిది చేసి కలుసుకున్న చోటు. గోల్ఫ్ కోర్సుగా ఉన్నదాన్ని ప్రజల పార్కుగా మార్చి ఎన్నో ఏళ్లు కాలేదు. ఇక్కడ కట్టడానికి ఆలస్యం జరగకూడదని 2025 జూన్‌లో క్వీన్స్‌ల్యాండ్ పార్లమెంటు చట్టం చేసింది. ప్రణాళిక, పర్యావరణ, వారసత్వ చట్టాలు అనేకం ఒలింపిక్ వేదికలకు వర్తించకుండా తప్పించింది. నాకు 380 కోట్లకంటే ఎక్కువ కలవరం కలిగించేది ఇదే. మామూలు రోజుల్లో పౌరుడికి కోర్టులో ఉన్న ప్రశ్నించే హక్కు, రెండు వారాల పండుగ కోసం తొలగిపోయింది. గడువు పనిని కదిలిస్తుందని ఇందాక ఒప్పుకున్నాను. గడువు హక్కుల్నీ కదిలిస్తుంది. డబ్బు ఖర్చయితే మళ్లీ సంపాదించుకోవచ్చు. పార్కు కాంక్రీటు కింద పోతే తిరిగి రాదు.

మెల్‌బోర్న్ వాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. 1996 నుంచి ఆల్బర్ట్ పార్కులో ఫార్ములా వన్ పందెం జరుగుతోంది. చెట్లకు పసుపు రిబ్బన్లు కట్టి జనం పోరాడారు, గెలవలేదు. ఆ పందేనికి ప్రభుత్వం పూడుస్తున్న లోటు ఈ మధ్య ఏడాదికి 10 కోట్ల డాలర్లు దాటింది. 2022 పురుషుల ప్రపంచ కప్ ఫుట్‌బాల్ కోసం బిడ్ వేయడానికే కేంద్ర ప్రభుత్వం 4.5 కోట్లకు పైగా ఖర్చుపెట్టింది, 2010లో ఓటింగ్ జరిగితే వచ్చినది ఒకే ఒక్క ఓటు.

దీనికి ఎదురుగా 2023 మహిళల ప్రపంచ కప్ ఉంది. న్యూజీలాండ్‌తో కలిసి, ఉన్న స్టేడియాల్లోనే జరిపారు. రెండు దేశాల్లో కలిపి దాదాపు 20 లక్షలమంది గ్యాలరీల్లో చూశారు. ఆస్ట్రేలియా మహిళల జట్టు మటిల్డాస్ ఇంగ్లండ్‌తో ఆడిన సెమీఫైనల్‌ను టీవీలో కోటిమందికి పైగా చూశారు. ఆ ఊపులో ఆడపిల్లల ఆటస్థలాలకు, డ్రెస్సింగ్ గదులకు కేంద్రం 20 కోట్ల డాలర్లు కేటాయించింది. ఇది మొదటి నుంచే ప్రణాళికలో ఉండవలసినది, చివర్లో వచ్చింది. వచ్చినంతవరకు సంతోషం. ఆతిథ్యం ఇవ్వాలంటే ఈ దారిలో ఇవ్వాలి. 1853లో పుట్టిన ఎంసీజీ 1956 ఒలింపిక్స్ చూసింది, 2006 కామన్వెల్త్ చూసింది, 2024 డిసెంబరులో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొడితే గ్యాలరీలో కన్నీళ్లు పెట్టుకున్న తండ్రినీ చూసింది. ఏడాది పొడవునా జనం వాడుకునే మైదానం ఏ ఒలింపిక్స్‌కైనా పనికొస్తుంది. ఒలింపిక్స్ కోసమే కట్టిన మైదానం ఏడాది పొడవునా జనానికి పనికిరావడం అరుదు.

మన సొంతగడ్డ మీద దీనికి గచ్చిబౌలికంటే మంచి రుజువు లేదు. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఆసియా క్రీడలు హైదరాబాదులో జరిగాయి. వాటి కోసం గచ్చిబౌలిలో స్టేడియాలు, క్రీడాగ్రామం లేచాయి. ఊరు గర్వపడింది, గర్వపడటంలో తప్పులేదు. ఆ క్రీడాగ్రామంలోని బహుళ అంతస్తుల భవనాన్ని 2020లో కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. ఆ కష్టకాలంలో అది ప్రాణాలు నిలబెట్టింది, కాని దాన్ని కట్టినది అందుకు కాదు. అదే గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్‌కు ప్రభుత్వం ఐదెకరాలు ఇచ్చింది. ఆయన ఇల్లు తాకట్టు పెట్టి, దాతల్ని అడిగి, 2008లో బ్యాడ్మింటన్ అకాడమీ తెరిచాడు. తెల్లవారకముందే లైట్లు వెలిగే ఆ కోర్టుల నుంచి 2012 ఒలింపిక్స్‌లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం వచ్చాయి. రెండూ ఒకే గచ్చిబౌలిలో, ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్నాయి. పెద్ద కట్టడం పండుగ జరిపింది, చిన్న కోర్టులు పతకాలు తెచ్చాయి. గోల్డ్ కోస్ట్‌లో 2018 కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్ లిఫ్టింగ్ స్వర్ణం గెలిచిన రాగాల వెంకట రాహుల్‌ది స్టూవర్ట్‌పురం. నేరస్థుల తెగ అని ముద్ర వేసి బ్రిటిష్‌వాళ్లు జనాన్ని నిర్బంధించిన ఊరు. అక్కడి కుర్రాణ్ని పైకి తెచ్చింది చెమట, ఇనుము, నమ్మిన కుటుంబం.

హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఇ పందెం జరిగింది. రెండో ఏడు జరగలేదు, చెల్లింపుల గొడవ దర్యాప్తులకు, కోర్టులకు ఎక్కింది. ఎవరిది తప్పన్నది కోర్టులు తేలుస్తాయి. ఒప్పందం షరతులు ముందే అందరికీ తెలిసేలా పెట్టి ఉంటే ఆ గొడవకు ఇంత చోటు ఉండేది కాదు.

విక్టోరియా వదిలేసిన 2026 క్రీడలను గ్లాస్గో తీసుకుంది. పది క్రీడలకు కుదించి, ఉన్న మైదానాలకే పరిమితమై, విక్టోరియా చెల్లించిన పరిహారంలో కొంత భాగం ఆసరాగా. 2030 క్రీడలు అహ్మదాబాదుకు వెళ్లాయి. 2025 నవంబరులో గ్లాస్గోలో ఆ నిర్ణయం జరిగింది. దాని వెనకాల 2036 ఒలింపిక్స్ ఆశ ఉంది. 2010 ఢిల్లీ క్రీడల మీద కాగ్ నివేదిక ఏమి చెప్పిందో గుర్తున్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉంటారు. ఆ నివేదిక ఆటలు ముగిసిన మరుసటి ఏడాది వచ్చింది. విక్టోరియా ఆడిటర్ జనరల్ నివేదికా రద్దు తర్వాతే వచ్చింది. ఆడిటర్లు ఎప్పుడూ జాతర అయిపోయాకే వస్తున్నారు. నేను కోరేది చట్టం ద్వారా ఈ వరసను మార్చమని. ఏ ప్రభుత్వమైనా ఆతిథ్య ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఆడిటర్ జనరల్ అంచనాను పరీక్షించాలి, ఆ పరీక్ష ఫలితాన్ని శాసనసభ ముందు పెట్టాలి, ఖర్చు పెరిగితే ఎవరి పూచీయో ప్రజలకు తెలిసిన తర్వాతే కలం కదలాలి. సంతకం పడ్డాక అడిగే ప్రశ్నకు విలువ సగం పోతుంది.

ఆస్ట్రేలియాలో తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్లం 2021 జనగణన నాటికే దాదాపు అరవై వేలమందిమి. మనలో ఐటీ వాళ్లు, ఇంజనీర్లు, ఆడిట్ చేసేవాళ్లు, ప్రాజెక్టుల ఖర్చు అంచనాలు వేయడమే వృత్తిగా ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ నైపుణ్యాన్ని ఉద్యోగానికే పరిమితం చేయవద్దని నా మనవి. బ్రిస్బేన్‌లో ఉన్న బంధువులకు, స్నేహితులకు చెప్పండి. క్వీన్స్‌ల్యాండ్‌లో తర్వాతి రాష్ట్ర ఎన్నికలు 2028 అక్టోబరులో. అప్పటికి కాంట్రాక్టులు ఖాయమైపోయి ఉంటాయి. అంతదాకా ఆగకుండా తమ ఎమ్మెల్యేకు ఇప్పుడే రాయమనండి. స్టేడియం ఖర్చు 380 కోట్లు దాటితే ఏ పద్దు నుంచి తెస్తారో రాతపూర్వకంగా అడగమనండి. ఇక్కడి పౌరులకు సమాచార స్వేచ్ఛ చట్టం ఉంది. మీలో ఇంకా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు 2005 సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖకు దరఖాస్తు ఆన్‌లైన్లోనే పంపవచ్చు, రుసుము పది రూపాయలు. అహ్మదాబాద్ 2030కి ఆమోదించిన అంచనా వ్యయం ఎంత, అందులో కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత, పెరిగితే భరించేది ఎవరు, ఒప్పందం ప్రతి ఇవ్వగలరా అని అడగండి. దరఖాస్తు నమూనా ఒకటి తయారుచేసి తెచ్చాను. బయట బల్ల మీద ప్రతులు ఉన్నాయి.